ఎన్ని ఆంపియర్లది?

సోలార్ సామాను అమ్మే ఏ కొట్లోనైనా, సోలార్ ప్లేట్లకూ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జ్ కంట్రోలర్ కావాలని అడిగితే, అవతలి నుంచి ముందు వచ్చే మాట “ఎన్ని ఆంపియర్లది?” పదా, ఇరవయ్యా, ముప్ఫయ్యా తేలగానే బేరం మొదలవుతుంది. కొనేవాళ్లకీ, అమ్మేవాళ్లకీ, ఇంటికొచ్చి బిగించే ఎలక్ట్రీషియన్‌కీ ఆ ఒక్క అంకె చాలు. డబ్బా వెనక లేబుల్ మీద ఇంకో నాలుగైదు అంకెలుంటాయి గానీ వాటి జోలికి ఎవరూ పోరు. ఆంపియర్ల ప్రశ్న తప్పని కాదు. ఒకప్పుడు అడగవలసింది నిజంగానే అదొక్కటి. ఆ తర్వాత ప్లేట్లు మారాయి, కంట్రోలర్ లోపల జరిగే పని మారింది, ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. దాంతో వ్యవహారం తలకిందులైంది. ఎక్కువైతే కంట్రోలర్ తానే సర్దుకునే దానికి మనం భయపడుతున్నాం. ఎక్కువైతే కంట్రోలర్‌నే కాల్చేసే దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం.

ఆ ప్రశ్న పుట్టిల్లు పాత ప్లేటు. పన్నెండు వోల్టుల బ్యాటరీ కోసం చేసిన ప్లేటులో 36 సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. దాన్ని ఎండలో పెట్టి, దేనికీ కలపకుండా రెండు తీగల మధ్య మల్టీమీటరు పెడితే 22 వోల్టుల దాకా చూపిస్తుంది. ఇది ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, లేబుల్ మీద వీఓసీ అని ఉండేది ఇదే. పని చేసేటప్పుడు ఎక్కువ పవరు ఇచ్చేది మాత్రం 18 వోల్టుల దగ్గర. పన్నెండు వోల్టుల బ్యాటరీకి 18 ఎందుకు? లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే 14.4 వోల్టుల దాకా కావాలి. సెల్ వేడెక్కిన కొద్దీ దాని వోల్టేజి పడిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో సెల్ 70 డిగ్రీలకు కాగితే ఆ 18 కాస్తా 15 దగ్గరికి దిగుతుంది. అప్పటికీ బ్యాటరీ కన్నా ఒక పిసరు పైనే ఉండాలని లెక్కగట్టి 36 సెల్స్ పెట్టారు. అంటే ప్లేటూ బ్యాటరీ ముందే జోడు కుదిరి వచ్చాయి. మధ్యలో ఉండే పీడబ్ల్యూఎమ్ కంట్రోలర్ చేసేదల్లా తలుపు తీయడం, మూయడం. బ్యాటరీ నిండేదాకా తలుపు బార్లా తెరిచి ఉంటుంది, నిండాక చకచకా తెరుస్తూ మూస్తూ కరెంటును తగ్గిస్తుంది. వోల్టుల తగాదా లేదు గనక మిగిలిన ప్రశ్న ఆంపియర్లే.

ఆ కంట్రోలర్ విషయంలో ఆంపియర్ల హద్దు గట్టిదే. తలుపు తెరిచి ఉన్నంతసేపూ ప్లేట్లు ఎంత కరెంటు ఇస్తే అంతా దాని ఒంట్లోంచే పోతుంది. పైగా ప్లేటు మీద రాసినదాని కన్నా ఎక్కువ కూడా రావచ్చు. లేబుల్ మీది అంకెలు చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, 25 డిగ్రీల సెల్ అనే లెక్కలో కొలిచినవి. విడివిడిగా తెల్లమబ్బులు తేలే రోజున మబ్బు అంచు నుంచి కూడా వెలుగు చెదిరి ప్లేటు మీద పడితే, కొన్ని క్షణాల పాటు ఎండ ఆ వెయ్యిని దాటిపోతుంది. అమెరికా విద్యుత్ కోడ్ ప్లేటు షార్ట్ సర్క్యూట్ కరెంటును, అంటే రెండు తీగలనూ నేరుగా కలిపేస్తే పారే కరెంటును, 1.25తో హెచ్చవేసి లెక్క కట్టమనడం ఇందుకే. పది ఆంపియర్ల ప్లేట్లకు పది ఆంపియర్ల పీడబ్ల్యూఎమ్ కంట్రోలర్ పెట్టడం, ఊపిరాడని చొక్కా తొడిగినట్టు. వీధి దీపాలకు, చేను చుట్టూ వేసే సోలార్ ఫెన్సింగుకు, చిన్న చిన్న కొట్లకు ఇవి ఇప్పటికీ చాలు. అక్కడ ఆంపియర్ల ప్రశ్నకు పూర్తి గౌరవం ఇవ్వాల్సిందే.

ఇప్పుడు మేడల మీదికి వస్తున్న ప్లేటు సంగతి వేరు. 540 వాట్ల ప్లేటునే తీసుకుందాం. సెల్స్‌ను సగానికి కోసి 144 ముక్కలు పెట్టినా, వోల్టేజి లెక్కకు వరసలో ఉండేవి 72. వీఓసీ 49.5 వోల్టుల దగ్గర, పని చేసే వోల్టేజి 41.5 దగ్గర, కరెంటు 13 ఆంపియర్లు. దీన్ని పీడబ్ల్యూఎమ్ కంట్రోలర్ ద్వారా పన్నెండు వోల్టుల బ్యాటరీకి కలిపితే ప్లేటు వోల్టేజిని బ్యాటరీ తన స్థాయికి లాక్కుంటుంది. కరెంటు మాత్రం అదే 13. పదమూడును పదమూడున్నరతో హెచ్చవేస్తే 175 వాట్లు. 540 వాట్లకు డబ్బులిచ్చి మూడో వంతు కూడా వాడుకోనట్టు. ఈ నష్టాన్ని ఆపడానికే ఎమ్‌పీపీటీ కంట్రోలర్. దీని లోపల లావుపాటి రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. ఎక్కువ వోల్టుల దగ్గర తక్కువ ఆంపియర్లు తీసుకుని, తక్కువ వోల్టుల దగ్గర ఎక్కువ ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. క్లాంప్ మీటరుంటే దీన్ని కంటితో చూడొచ్చు. మంచి ఎండలో ప్లేటు నుంచి వచ్చే తీగ చుట్టూ పెడితే 13, బ్యాటరీకి పోయే తీగ చుట్టూ పెడితే 38 దరిదాపు. రెండు చోట్లా ఒకటే అంకె వస్తే, డబ్బా మీద ఎమ్‌పీపీటీ అని ఎంత పెద్ద అక్షరాలున్నా లోపల ఉన్నది పాత తలుపే. అలాంటి డబ్బాలు మార్కెట్లో తక్కువేం కాదు.

లోపలికీ బయటికీ అంకెలు వేరైన క్షణం నుంచే ‘ఎన్ని ఆంపియర్లది’ అన్న ప్రశ్న సగం అర్థం పోగొట్టుకుంది. ఏ వైపు ఆంపియర్లు? కంట్రోలర్ పేరులో ఉండేది బయటికి, అంటే బ్యాటరీ వైపు ఇవ్వగలిగే కరెంటు. విక్ట్రాన్ అనే డచ్ కంపెనీ తన మోడళ్లకు 75/15, 100/30, 100/50 అని పేర్లు పెడుతుంది. గీతకు ఎడమన ఉన్నది ప్లేట్ల వైపు దాటరాని వోల్టులు, కుడిన ఉన్నది బ్యాటరీ వైపు ఇచ్చే ఆంపియర్లు. చూడ్డానికి రెండూ ఒకే సైజు అక్షరాలు. స్వభావంలో మాత్రం పొంతన లేదు. కుడి అంకె ‘ఇంతకన్నా ఇవ్వను’ అంటుంది. ఎడమ అంకె ‘ఇంతకన్నా వస్తే నేనుండను’ అంటుంది.

కుడి అంకె సంగతి ముందు. వంద బై యాభై కంట్రోలర్‌కు రెండు 540 వాట్ల ప్లేట్లు కలిపితే 1080 వాట్లు. బ్యాటరీ 24 వోల్టులదైతే 27తో భాగిస్తే 40 ఆంపియర్లు, యాభైలోపే. అదే బ్యాటరీ 12 వోల్టులదైతే 80 ఆంపియర్లు కావాలి, కంట్రోలర్ ఇచ్చేది 50. కంపెనీ పుస్తకంలో ఇదే మోడల్‌కు 12 వోల్టుల దగ్గర 700 వాట్లు, 24 వోల్టుల దగ్గర 1400 వాట్లు అని రెండు అంకెలు ఉండటానికి కారణం ఇదే. కంట్రోలర్ ఒకటే, దాని వాట్లను తేల్చేది బ్యాటరీ. మరి 12 వోల్టుల మీద ఆ అదనపు 380 వాట్లు ఏమవుతాయి? కంట్రోలర్‌ను కాల్చేస్తాయని చాలామంది నమ్మకం. ఏమీ కావు, అసలు పుట్టవు. ప్లేటు కరెంటును ఎవరి మీదికీ తోయదు, అడిగినంత ఇస్తుంది. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి తిప్పినంతే నీళ్లొచ్చినట్టు. కంట్రోలర్ యాభై దగ్గర ఆగిపోయి, ప్లేటు పని చేసే వోల్టేజిని కాస్త పైకి జరుపుతుంది, దాంతో ప్లేటు తక్కువ కరెంటు ఇస్తుంది. మిగతా ఎండ ప్లేటులోనే వేడిగా ఉండిపోతుంది.

పైగా ఈ ‘ఎక్కువ ప్లేట్లు’ చాలాసార్లు తెలివైన పని. కంట్రోలర్ యాభై దగ్గర ఆగేది మధ్యాహ్నం ఆ కొన్ని గంటలే. పొద్దున తొమ్మిదికి, సాయంత్రం నాలుగింటికి, శ్రావణమాసపు ముసురులో ఆ 1080 వాట్ల ప్లేట్లు నాలుగు వందలే ఇస్తాయి, అదంతా బ్యాటరీకి చేరుతుంది. సరిగ్గా 700 వాట్లే పెట్టుకున్నవారికి ఆ ముసురులో వచ్చేది 260. బ్యాటరీ ఎండిపోయేది ముసురులోనే గాని మే నెలలో కాదు. ప్లేట్ల ధరలు పడిపోయిన ఈ రోజుల్లో, నడినెత్తి ఎండ కొంచెం వదులుకుని మబ్బు రోజులను కొనుక్కోవడం మంచి బేరమే.

ఇక ఎడమ అంకె. ఇక్కడ కుళాయి పోలిక పనికిరాదు. వోల్టేజి ఎవరూ అడగకపోయినా వచ్చి నిలబడుతుంది. తీగ కలిపిన క్షణం నుంచి ప్లేట్ల వరస మొత్తం వోల్టేజి కంట్రోలర్ ముఖద్వారంలోని కెపాసిటర్ల మీద, మాస్‌ఫెట్లనే స్విచ్చుల మీద ఉంటుంది. అవి ఇన్ని వోల్టులు ఓర్చుకుంటాయని కొలిచి పెట్టినవి, దాటితే వాటి లోపలి పొర చిట్లుతుంది. కంట్రోలర్ తన పని ఆపుకోగలదు గాని ప్లేటు వోల్టేజిని తగ్గించలేదు. నిజానికి పని ఆపితే అది వీఓసీ దాకా ఇంకా పెరుగుతుంది. కాబట్టి వాట్లు ఎక్కువైతే కాపాడే ఉపాయమే ఇక్కడ కీడు చేస్తుంది. బిగించిన పూట బాగానే ఉన్న కంట్రోలర్ ఏ డిసెంబరు పొద్దునో పోయిందంటే, ఆంపియర్లను నిందించే ముందు ప్లేట్ల వరస వోల్టేజిని కొలవాలి.

డిసెంబరే ఎందుకు? వేడికి పడే వోల్టేజి చలికి పెరుగుతుంది గనక. సిలికాన్ ప్లేట్ల డేటాషీట్‌లో డిగ్రీకి మైనస్ 0.25 నుంచి 0.35 శాతం మధ్య ఒక అంకె ఉంటుంది. మన 540 ప్లేట్లు రెండింటిని సిరీస్‌లో కలిపితే 99 వోల్టులు. వంద వోల్టుల కంట్రోలర్‌కు కాగితం మీద ఒక వోల్టు ఖాళీ ఉంది. కానీ ఆ 99 అనేది సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. సెల్ 10 డిగ్రీలకు చల్లబడితే, డిగ్రీకి 0.27 చొప్పున పదిహేను డిగ్రీలకు నాలుగు శాతం పెరిగి 103. డేటాషీట్ అంకె చేతిలో లేనప్పుడు వాడమని అమెరికా కోడ్ ఇచ్చే పట్టికలో పది నుంచి పద్నాలుగు డిగ్రీల చలికి 1.06 అని ఉంటుంది, దాని ప్రకారం దాదాపు 105. ఆదిలాబాద్ వైపు చలికాలం పది కన్నా కిందికే పోతుంది. లంబసింగిలో కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దగ్గరికి వెళుతుంది. మచిలీపట్నంలో 15 డిగ్రీలే అనుకున్నా 101 దాటుతుంది.

దీనికి అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు చెప్పే జవాబు ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. తెల్లవారుజామున చలి ఉంటుంది గాని ఎండ ఉండదు, ఎండ ఎక్కేసరికి ప్లేటు వేడెక్కిపోతుంది, రెండూ ఒకేసారి రావు అని. నిజమే. సెల్ వోల్టేజి వెలుగుతో పాటు నెమ్మదిగా పెరుగుతుంది. పూర్తి ఎండలో పదో వంతు వెలుగుకే వోల్టేజి తొంభై శాతం దాకా వచ్చేస్తుంది గాని, మిగతా పది శాతం రావడానికి ఎండ కావాలి. కాబట్టి ఆ 103 అనే అంకె రోజూ పొద్దున కనబడేది కాదు. 99 వోల్టుల వరసను వంద వోల్టుల కంట్రోలర్ మీద నాలుగేళ్లుగా నడుపుతున్నామని ఎవరైనా అంటే అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు. కానీ లెక్క అక్కడితో అయిపోలేదు. చాలా డేటాషీట్లలో వీఓసీకి మూడు శాతం అటూ ఇటూ ఉండొచ్చని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మీ 99 పుట్టుకతోనే 102 కావచ్చు. చలిగాలి వీస్తున్న పొద్దున మబ్బు కమ్మి ప్లేటును చల్లబరిచి, చటుక్కున విడిపోతే నిండు ఎండ చల్లటి సెల్ మీద పడుతుంది. అది ఏడాదికి ఒక్క పూట జరిగినా చాలు. రోజూ జరగదన్నది ఆంపియర్లకు ఊరట, వోల్టులకు కాదు.

కంపెనీ వాళ్లు వంద అని రాస్తే లోపల నూటపది ఓర్చుకునేలా చేసి ఉంటారులే అన్నది ఇంకో వాదన. కొందరు అలాగే చేస్తారు, చేసినప్పుడు ఆ సంగతి దాచుకోరు. అమెరికాలోని మిడ్‌నైట్ సోలార్ కంపెనీ తన 150 వోల్టుల క్లాసిక్ కంట్రోలర్లో ఆ 150 దాటాక బ్యాటరీ వోల్టేజి అంత అదనం వరకు, అంటే 48 వోల్టుల బ్యాటరీ మీద 198 దాకా, కంట్రోలర్ పని ఆపి నిద్రపోతుందే తప్ప పాడవదని పుస్తకంలోనే రాసింది. విక్ట్రాన్ కొన్ని 150 వోల్టుల మోడళ్లకు, 150 అనేది అతి చలిలో కూడా దాటకూడని అంకె, పని మొదలుపెట్టి నడిచేది 145 దాకానే అని రెండు గీతలు గీసింది. రాసి ఇచ్చిన ఖాళీ ఇది. రాయని ఖాళీ ఏదైనా ఉంటే అది విడిభాగాలు పాతబడటానికి, వేడికి, పిడుగుల కాలంలో తీగల్లోకి వచ్చే ఉలికిపాట్లకు వదిలింది. దాన్ని మనం ముందే తినేస్తే వాటికి మిగలదు. పైగా ఈమధ్య కంట్రోలర్లు ఏ రోజు ఎన్ని వోల్టులు చూశాయో తమలో రాసి పెట్టుకుంటున్నాయి. వారంటీ అడగడానికి వెళ్లినప్పుడు ఆ చిట్టా ముందు మన మాట చెల్లదు.

వోల్టులకు కింది హద్దు కూడా ఉంది, కాకపోతే అది నష్టమే గాని ప్రమాదం కాదు. ఎమ్‌పీపీటీ సాధారణంగా వోల్టేజిని దించుతుంది, ఎక్కించదు. విక్ట్రాన్ మోడళ్లు పని మొదలుపెట్టాలంటే ప్లేటు వోల్టేజి బ్యాటరీ కన్నా 5 వోల్టులు పైన, నడవడానికి 1 వోల్టు పైన ఉండాలి. 48 వోల్టుల బ్యాటరీకి ఒక్క 540 ప్లేటు పెడితే ఎంత ఎండ కాసినా లాభం లేదు. రెండు సిరీస్‌లో పెడితే మే నెలలో కూడా 70 వోల్టులుంటాయి. అంటే రెండు ప్లేట్లకు 150 వోల్టుల కంట్రోలర్ పెడితే శీతాకాలం పైనా వేసవి కిందా రెండూ సరిపోతాయి. వందదానికీ నూటయాభైదానికీ ధరలో తేడా ఉంటుంది, బేరం అక్కడే చెడుతుంది.

లేబుల్ మీద మూడో అంకె ఒకటుంది, దాన్ని చదివేవాళ్లు మరీ తక్కువ. ప్లేట్ల వైపు షార్ట్ సర్క్యూట్ కరెంటు హద్దు. వంద బై యాభైకి ఇది 60 ఆంపియర్లు. కంట్రోలర్ తనకు కావలసినంతే తీసుకుంటుందని పైన అన్నాం కదా, మరి ఈ హద్దెందుకు? ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి కలిపిన రోజు కోసం. అప్పుడు కంట్రోలర్ ముఖద్వారంలోని రక్షణ డయోడు ప్లేట్ల కరెంటునంతా తన మీదుగా పోనిస్తుంది. అక్కడ కుళాయి లేదు, ప్లేట్లు ఎంత ఇవ్వగలవో అంతా ఆ డయోడు మీదే. అరవై లోపయితే ఓర్చుకుంటుంది, తీగలు సరిచేసుకుంటే కంట్రోలర్ మిగులుతుంది. దాటితే మిగలదు. ‘ఎక్కువ ప్లేట్లు పెట్టినా ఏం కాదంటున్నారు, అయితే పదింతలు పెట్టొచ్చా?’ అనే ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 540 ప్లేటు షార్ట్ సర్క్యూట్ కరెంటు 14 ఆంపియర్ల దగ్గర. పక్కపక్కనే ప్యారలల్‌లో నాలుగు వరసలంటే 56, ఐదో వరసకు చోటు లేదు. సున్నం కొట్టిన మేడ మీద రెండు వైపులా పనిచేసే ప్లేట్లయితే నాలుగు కూడా ఆలోచించి పెట్టాలి, కింది నుంచి ఎగసే వెలుగు కరెంటును పెంచుతుంది.

ఎక్కువ ప్లేట్లకు రెండో అడ్డు వేడి. పూర్తి ఆంపియర్లు ఇస్తానన్న మాట చాలా కంట్రోలర్లకు చుట్టూ 40 డిగ్రీల దాకానే. మన వేసవిలో నీడలోనే 42, 44. ఇక మేడ మీద తాళం వేసిన ఇనప పెట్టెలో పెడితే చెప్పక్కర్లేదు. యాభై అన్నది ముప్ఫయ్యో నలభయ్యో ఇస్తూ ఉంటుంది, యజమాని ప్లేట్లు బాగోలేవంటాడు. మూడో అడ్డు బ్యాటరీ. ఇళ్లలో ఎక్కువగా ఉండే 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీకి పదో వంతు, అంటే 15 ఆంపియర్లు సుఖం, ఇరవై దాకా ఫర్వాలేదు. దానికి యాభై ఆంపియర్ల కంట్రోలర్ తెచ్చి పెట్టి సెట్టింగు తగ్గించకపోతే నీళ్లు ఆవిరై, ఎన్నిసార్లు డిస్టిల్డ్ వాటర్ పోసినా చాలదు. వంద ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు చాలావరకు యాభైని తట్టుకుంటాయి. కంట్రోలర్‌కు అక్కర్లేని ఆంపియర్ల హద్దు బ్యాటరీకి కావాలి. కొట్టువాడి ప్రశ్నకు ఇప్పటికీ ఉన్న విలువ అక్కడే, కాకపోతే అతను అడుగుతున్నది బ్యాటరీ గురించి కాదు. కొన్ని కంట్రోలర్ల మీద లోడ్ అని రాసి ఉండే రెండు స్క్రూలకు విడిగా ఇంకో ఆంపియర్ల హద్దు ఉంటుంది. లైట్లకు, ఫ్యానుకు అవి చాలు. ఇన్వర్టర్‌ను వాటికి కలపకూడదు, నేరుగా బ్యాటరీకే కలపాలి.

ఇన్ని లెక్కలు చూసుకుని బిగించినా, ఆ లెక్కకు కాలం చెల్లే రోజొకటి వస్తుంది. కోతులు దూకో, గాలివానకు పక్క రేకు ఎగిరొచ్చి పడో రెండు ప్లేట్లలో ఒకటి పగులుతుంది. అప్పటికి 540 దొరకదు, “అదే సైజులో 575 ఉంది, ఇంకా మంచిదే” అని కొత్తది తెస్తారు. సైజు అదే, బిగింపు రంధ్రాలు అవే, కరెంటు కూడా ఇంచుమించు అంతే. దాని వెనక లేబుల్ మీద వీఓసీ మాత్రం 51 దాటి ఉంటుంది. పాతదాని నలభై తొమ్మిదిన్నరకు అది కలిస్తే, చలి లెక్క ఇంకా మొదలుపెట్టకముందే వంద దాటింది.